జొటెరోలోకి రిఫరెన్సులు తెచ్చుకోడం, తెచ్చాక సరిచేసుకోడం: మన గోదావరి వైపు స్కాలర్ల కోసం

పీహెచ్‌డీ చేసేవాళ్ళు గాని ఎమ్మే, ఎమ్మెస్సీ ప్రాజెక్టు రాసేవాళ్ళు గాని, రాజమండ్రిలో ఉన్నా కాకినాడలో ఉన్నా భీమవరంలో ఉన్నా చివరి నెలలో పడే అవస్థ ఒకటేనండి, థీసిస్ అంతా అయిపోతుంది గాని వెనకాల రిఫరెన్సుల లిస్టు మాత్రం ఒక పట్టాన తెమలదు. లోపల సైట్ చేసింది, అంటే ఫలానా చోట నుంచి తీసుకున్నామని చెప్పింది, లిస్టులో ఉండదు, లిస్టులో ఉన్నది లోపల కనపడదు, ఒకాయన ఇంటిపేరు ఒకచోట ముందు ఇంకోచోట వెనక. ఈ బాధ తప్పించడానికే, రిఫరెన్సులు దాచిపెట్టి లిస్టు తనే తయారుచేసిపెట్టే జొటెరో లాంటి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఇది 2006లో అమెరికాలో జార్జ్ మేసన్ యూనివర్సిటీలో చరిత్ర పరిశోధన చేసేవాళ్ళు మొదలుపెట్టింది, ఓపెన్ సోర్సు, పైసా కట్టక్కర్లేదు, అందుకే నేను ఎవరడిగినా ఇదే చెప్తాను.

అయితే జొటెరో వేసుకున్నా కూడా లిస్టు తప్పులతడకగా వచ్చిందని చాలామంది దాన్ని వదిలేసి మళ్ళీ చేత్తో టైపు చేసుకుంటున్నారు, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. తప్పంతా దాదాపుగా ఇంపోర్ట్ దగ్గరే, అంటే రిఫరెన్సులు జొటెరోలోకి తెచ్చుకునే దగ్గరే జరుగుతుంది. హెడ్ లాకు దగ్గర అడ్డుకోని గుర్రపుడెక్క పిల్లకాలవ దాకా వచ్చి తూములు మూసేసినట్టు, లోపలికి వచ్చేటప్పుడు చూసుకోని రిఫరెన్సు థీసిస్ ఆఖరి పేజీ దాకా ఇబ్బంది పెడుతుంది. కాబట్టి ఇక్కడ ఇంపోర్ట్ గురించి, ఇంపోర్ట్ అయ్యాక దిద్దుకోడం గురించే ఎక్కువ చెప్తాను, మిగతాది తేలికే.

ముందు రెండు పెట్టుకోవాలి, కంప్యూటర్‌లో జొటెరో ప్రోగ్రామ్, బ్రౌజర్‌లో జొటెరో కనెక్టర్ అనే చిన్న ఎక్స్‌టెన్షన్. ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వర్డ్ మూసేసి ఉంచండి, తర్వాత వర్డ్ తెరిస్తే పైన జొటెరో అని ఒక ట్యాబ్ వస్తుంది. అలాగే ఒక ఎకౌంట్ తీసుకుని సింక్ ఆన్ చేసుకోండి. ఫ్రీ ఎకౌంట్‌కి 300 ఎంబీ ఇస్తారు గాని ఆ లెక్క పీడీఎఫ్‌లకే, రిఫరెన్సుల వివరాలు ఎన్నున్నా సింక్ అవుతాయి, అందుకని సెట్టింగ్స్‌లో సింక్ దగ్గర ఫైల్ సింకింగ్ టిక్ తీసేసి డేటా సింక్ ఒక్కటే ఉంచుకుంటే చాలు. ఒక్క జాగ్రత్త, జొటెరో డేటా ఫోల్డర్ని గూగుల్ డ్రైవ్, డ్రాప్‌బాక్స్ లాంటి వాటిల్లో పెట్టకండి, డేటాబేస్ ఫైలు పాడయ్యే ప్రమాదం ఉంది.

ఇక తెచ్చుకోడం. అన్నిటికన్నా సుళువు కనెక్టర్. ఆర్టికల్ పేజీ తెరిచి పైన ఐకాన్ నొక్కితే వచ్చేస్తుంది. ఇక్కడ ఆ ఐకాన్ బొమ్మ చూసే అలవాటు చేసుకోండి, జర్నల్ ఆర్టికల్ అయితే కాగితం బొమ్మ, పుస్తకం అయితే పుస్తకం బొమ్మ, సెర్చ్ రిజల్ట్స్ పేజీ అయితే ఫోల్డర్ బొమ్మ కనపడుతుంది, అలా కాకుండా మామూలు వెబ్ పేజీ బొమ్మే ఉందంటే దానికి అది ఆర్టికల్ అని తెలీలేదన్నమాట, నొక్కితే వెబ్ పేజీ అని సేవ్ అవుతుంది, అప్పుడు రచయితా ఉండడు, సంవత్సరమూ ఉండదు. గూగుల్ స్కాలర్ లిస్టు నుంచి ఒకేసారి పది టిక్ పెట్టి లాగేయడం చాలామంది చేస్తారు, నేనైతే వద్దంటాను, స్కాలర్ ఇచ్చే వివరాల్లో డీఓఐ, అంటే ఒక్కో ఆర్టికల్‌కి విడిగా ఇచ్చే శాశ్వత నంబరు, ఉండదు, జర్నల్ పేరు ఒక్కోసారి సగమే ఉంటుంది. ఆ ఆర్టికల్ సొంత పేజీకి వెళ్ళి అక్కణ్ణుంచి తీసుకుంటే ఇంకో నిమిషం పడుతుందేమో గాని తర్వాత దిద్దే పని తప్పుతుంది.

డీఓఐ చేతిలో ఉంటే కనెక్టర్ కూడా అక్కర్లేదు, జొటెరోలో పైన మంత్రదండం బొమ్మ ఉంటుంది, అది నొక్కి డీఓఐ పేస్ట్ చేసి ఎంటర్ కొట్టడమే. ఐఎస్‌బీఎన్, పబ్‌మెడ్ నంబరు, ఆర్కైవ్ (arXiv) నంబరు కూడా తీసుకుంటుంది. ఒకటి కాదు, పదిహేను డీఓఐలు వరసగా పేస్ట్ చేసినా అన్నీ ఒకేసారి తెస్తుంది. ఆక్వా మీద, వరి మీద పనిచేసేవాళ్ళకి ఇదే బాగా కలిసొచ్చే పద్ధతి, ఎందుకంటే వాళ్ళ సైటేషన్లలో ఎక్కువ భాగం కొత్త ఆర్టికల్సే.

స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ లాంటి ఆర్టికల్ డేటాబేసుల్లో సెర్చ్ చేసి వంద రిజల్ట్స్ ఒక్కసారే కావాలంటే అక్కడ ఎక్స్‌పోర్ట్ నొక్కి ఆర్‌ఐఎస్ ఫార్మాట్ ఎంచుకోండి, బిబ్‌టెక్ కూడా ఉంటుంది గాని లేటెక్ అనే టైప్‌సెట్టింగ్ సాఫ్ట్‌వేర్ వాడనివాళ్ళు ఆర్‌ఐఎస్‌తోనే వెళ్ళండి. ఫైలు దిగాక జొటెరోలో ఫైల్ మెనూలో ఇంపోర్ట్, అక్కడ కొత్త కలెక్షన్‌లో పెట్టమనే టిక్ ఉంటుంది, అది ఉంచండి, తీసేశారంటే కొత్తవి పాతవాటిలో కలిసిపోయి ఏది చూశామో ఏది చూడలేదో తెలీదు. మెండెలే అనే ఇలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ నుంచి మారేవాళ్ళకి ఇదే ఇంపోర్ట్ విండోలో మెండెలే అని విడిగా ఆప్షన్ ఉంది, అక్కడ లాగిన్ అయితే ఫోల్డర్లతో సహా వస్తాయి.

పీడీఎఫ్‌లు మాత్రమే పోగేసుకున్నవాళ్ళు వాటిని మౌస్‌తో లాగి జొటెరోలో పడేస్తే, మొదటి పేజీలు చదివి వివరాలు తనే తెచ్చుకుంటుంది. కాకపోతే అది అక్షరాలున్న పీడీఎఫ్ అయ్యుండాలి, ఫోన్‌తో ఫోటోలు తీసి చేసిన పీడీఎఫ్ అయితే దానికి ఏమీ కనపడదు, అప్పుడు రైట్ క్లిక్ చేసి క్రియేట్ పేరెంట్ ఐటమ్ అని పెట్టి వివరాలు మనమే నింపాలి. సీనియర్ ఎవరో వర్డ్‌లో టైపు చేసిన లిస్టు ఇచ్చారనుకోండి, దాన్ని నేరుగా ఇంపోర్ట్ చేయలేం, ఎనీస్టైల్ అనే వెబ్‌సైటులో ఆ లిస్టు పేస్ట్ చేస్తే రచయిత, సంవత్సరం, టైటిల్ విడగొట్టి బిబ్‌టెక్‌గా ఇస్తుంది, బాగానే పనిచేస్తుంది గాని మన పేర్ల దగ్గర తడబడుతుంది, ప్రతిదీ చూసుకోవాల్సిందే. సీనియర్ లిస్టులో ఉన్న తప్పు మీ లిస్టులోకీ అలాగే వచ్చేస్తుందని గుర్తుపెట్టుకోండి, వీలైతే డీఓఐలు వెతికి మళ్ళీ కొత్తగా తెచ్చుకోడమే నయం.

మన ప్రాంతం మీద పనిచేసేవాళ్ళకి ఇంకో రకం సామాను ఎక్కువ ఉంటుంది, శోధ్‌గంగలో (మన దేశ యూనివర్సిటీల థీసిస్‌లు పెట్టే వెబ్‌సైటు) థీసిస్‌లు, పాత గెజెటీర్లు, సెన్సస్ పుస్తకాలు, తెలుగు పుస్తకాలు, జిల్లా ఎడిషన్ వార్తలు. వీటికి డీఓఐ ఉండదు. సాఫ్ట్‌వేర్ తెచ్చిందే కరెక్టని వదిలేసేదీ వీటి దగ్గరే, అసలు మన నేల గురించిన సమాచారం ఉండేదీ వీటిల్లోనే. వీటికి కొంచెం ఓపిక పెట్టండి.

శోధ్‌గంగ సంగతి చూద్దాం. అక్కడ ఒక్కో థీసిస్ చాప్టర్లుగా విడివిడి పీడీఎఫ్‌లు ఉంటాయి, అన్నీ డౌన్‌లోడ్ చేసి లాగితే ఒక్క థీసిస్‌కి పది ఎంట్రీలు తయారవుతాయి. ఎంట్రీ ఒక్కటే ఉండాలి, ఐటమ్ టైప్ థీసిస్ అని ఉండాలి, టైప్ అనే గడిలో పీహెచ్‌డీ థీసిస్ అని, యూనివర్సిటీ గడిలో యూనివర్సిటీ పేరు, యూఆర్ఎల్ గడిలో శోధ్‌గంగ హ్యాండిల్ లింకు. కావల్సిన చాప్టర్ పీడీఎఫ్‌లు దాని కింద అటాచ్ చేసుకోండి. రచయిత గడిలో స్కాలర్ పేరు ఉందా గైడ్ పేరు ఉందా చూడండి, గైడ్ పేరు అక్కడ ఉంటే తీసేయాలి. వ్యవసాయం వాళ్ళు కృషికోశ్ అనే వ్యవసాయ థీసిస్‌ల సైటు నుంచి తెచ్చే థీసిస్‌లకి కూడా ఇదే పద్ధతి.

ఇక సంస్థ రచయితగా ఉండే రిపోర్టులు. 2011 సెన్సస్ వాళ్ళ తూర్పు గోదావరి జిల్లా హ్యాండ్‌బుక్ తీసుకోండి. రచయిత డైరెక్టరేట్ ఆఫ్ సెన్సస్ ఆపరేషన్స్, ఆంధ్రప్రదేశ్. దీన్ని మామూలుగా ఇంపోర్ట్ చేస్తే జొటెరో మధ్యలో ఉన్న కామా చూసి, కామాకి ముందున్నది ఇంటిపేరు, వెనకున్నది అసలు పేరు అనుకుంటుంది, ఏపీఏ అనే రిఫరెన్సు స్టైల్లో లిస్టు తీస్తే ఆంధ్రప్రదేశ్ కాస్తా ఏ. పీ. అని పొడక్షరాలైపోతుంది. కామా లేకపోతే ఇంకా దారుణం, ఆపరేషన్స్ అనేది ఇంటిపేరైపోయి మిగతాదంతా పొడక్షరాల్లోకి పోవచ్చు. దీనికి మందు చిన్నదే, రచయిత గడి పక్కన ఉన్న చిన్న బటన్ నొక్కితే రెండు గడులు కలిసి ఒక్క గడి అవుతాయి, అందులో సంస్థ పేరు మొత్తం టైపు చేయండి, అంతే. బిబ్‌టెక్ ఫైలు మీరే రాసుకునేవాళ్ళయితే సంస్థ పేరు చుట్టూ కర్లీ బ్రాకెట్లు రెండేసి పెట్టండి. ఇరిగేషన్ డిపార్ట్‌మెంట్, ఐసీఏఆర్ సంస్థలు, కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ, ఎవరి రిపోర్టు అయినా ఇదే సూత్రం.

రిపోర్టు మీద జిల్లా పేరు ఎలా అచ్చయిందో అలాగే ఉంచండి. 2022 ఏప్రిల్ 4 నుంచి కొత్త జిల్లాలు వచ్చాయి కదా అని 2011 పుస్తకంలో అమలాపురం వివరాలు ఉన్నందుకు టైటిల్లో కోనసీమ అని మార్చేవాళ్ళున్నారు, అలా మారిస్తే ఆ పేరుతో ఏ లైబ్రరీలో వెతికినా ఆ పుస్తకం దొరకదు. పాత స్పెల్లింగులు కూడా అంతే. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది, దాని మీదా డెల్టా చరిత్ర మీదా రాసేవాళ్ళు ఎవరైనా హెన్రీ మోరిస్ 1878లో లండన్‌లో ట్రూబ్నర్ ద్వారా వేసిన గోదావరి జిల్లా పుస్తకం చూడక తప్పదు, దాని టైటిల్లో గోదావరి స్పెల్లింగు చివర ఇప్పటిలా ఆర్ఐ కాదు, ఈఆర్‌వై. దాన్ని సరిచేయకూడదు. టెక్స్ట్‌లో మీరు ఇప్పటి స్పెల్లింగ్ వాడుకోండి, రిఫరెన్సులో మాత్రం టైటిల్ పేజీయే ప్రమాణం.

పాత పుస్తకాలకి చాలామంది చేతిలో ఉండేది రీప్రింట్. అప్పుడు డేట్ గడిలో రీప్రింట్ సంవత్సరం వేసి, కింద ఎక్స్‌ట్రా అనే గడిలో ఇంగ్లీషు చిన్నక్షరాల్లో ఒరిజినల్, హైఫన్, డేట్ అని కొట్టి కోలన్ పెట్టి 1878 అని వేయండి. ఏపీఏ స్టైల్లో లోపలి సైటేషన్‌లో రెండు సంవత్సరాలూ మధ్యలో స్లాష్‌తో వస్తాయి. ఇది చేయకపోతే పందొమ్మిదో శతాబ్దం పుస్తకం నిన్నో మొన్నో రాసినట్టు కనపడుతుంది.

ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్ళ స్కాన్లు ఉన్నాయి కదా, తెలుగు పుస్తకాలకి అవి పెద్ద నిధి, కాని వాటి వివరాలు ఉన్నవి ఉన్నట్టు తీసుకోకండి. టైటిల్ ముందు ఏదో నంబరు ఉంటుంది, ఐడీలో 2015 అని ఉంటుంది, అది పుస్తకం అచ్చయిన సంవత్సరం కాదు. స్కాన్‌లో టైటిల్ పేజీ, దాని వెనక పేజీ తెరిచి, అక్కడున్న ప్రెస్సు, ఊరు, సంవత్సరం చూసి ఎక్కించండి. పాత తెలుగు పుస్తకాలకి ఐఎస్‌బీఎన్ ఉండదు కాబట్టి మంత్రదండం పనిచేయదు, కొత్త ఐటమ్ నొక్కి బుక్ ఎంచుకుని చేత్తో నింపడమే, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో కూర్చుని చూసే పుస్తకాలకైతే అక్కడికక్కడే టైటిల్ పేజీ చూసి నింపేసుకోండి, ఇంటికొచ్చాక ఎడిషన్ ఎన్నోదో గుర్తుండదు.

పేర్ల దగ్గర అసలు చిక్కు ఉంది. మనకి ఇంటిపేరు ముందు, సాఫ్ట్‌వేర్ మాత్రం చివరి మాటని ఇంటిపేరు అనుకుంటుంది. కందుకూరి వీరేశలింగం అని ఎక్కిస్తే వీరేశలింగం ఇంటిపేరు గడిలో పడి, కందుకూరి పొడక్షరమై, వీరేశలింగం, కె. అని వస్తుంది. ఇంగ్లీషులో ఆయన మీద రాసినవాళ్ళు చాలామంది ఇలాగే వాడతారు, లైబ్రరీ కేటలాగుల్లో కూడా ఇదే పద్ధతి ఉంది, తెలుగు విభాగాల్లో మాత్రం కందుకూరి అని ముందు రాయమంటారు. రెండూ నడుస్తాయి, మీ గైడ్‌ని మొదట్లోనే అడిగి ఒకటి ఖాయం చేసుకోండి, సగం ఎంట్రీలు అలా సగం ఇలా ఉంటే మాత్రం లిస్టులో ఒకే మనిషి కె దగ్గర ఒకసారి వి దగ్గర ఒకసారి కనపడతాడు. ఇప్పటి శాస్త్రవేత్తల పేర్లకైతే వాళ్ళు తమ పేపర్లలో ఎలా వేసుకుంటే అలాగే ఉంచండి. తెలుగు లిపిలో రాసే పేర్లకి నేను సంస్థ పేర్లకి చేసినట్టే ఒక్క గడి పెట్టమంటాను, కందుకూరి వీరేశలింగం అని మొత్తం వస్తుంది, అనవసరంగా కామా పడదు.

తెలుగు గురించి ఇంకో మాట. పాత డీటీపీ పీడీఎఫ్‌ల నుంచి టైటిల్ కాపీ చేసి పేస్ట్ చేస్తే గందరగోళంగా పిచ్చి అక్షరాలు పడతాయి, అవి ఎక్కువగా ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలో చేసినవి, యూనికోడ్ కావు. దిద్దడానికి కుస్తీ పట్టకండి, యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేసుకోండి. తెలుగు పుస్తకం టైటిల్‌ని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే లాంగ్వేజ్ గడిలో తెలుగు కోడ్, అంటే ఇంగ్లీషు చిన్నక్షరాల్లో te అని వేయండి, లేకపోతే కొన్ని స్టైల్స్‌లో ప్రతి మాటకీ మొదటక్షరం పెద్దదైపోతుంది, అది ఇంగ్లీషు టైటిళ్ళకి చేసే పని.

ఇంగ్లీషు టైటిళ్ళన్నీ జొటెరోలో సెంటెన్స్ కేస్‌లో ఉంచుకోండి, అంటే మొదటి మాటకీ పేర్లకీ తప్ప మిగతావి చిన్నక్షరాలు. అక్కణ్ణుంచి పెద్దక్షరాలకి మార్చడం సాఫ్ట్‌వేర్‌కి వచ్చు, తిరిగి రావడమే దానికి సరిగ్గా రాదు. టైటిల్ మీద రైట్ క్లిక్ చేసి ట్రాన్స్‌ఫార్మ్ టెక్స్ట్‌లో సెంటెన్స్ కేస్ నొక్కితే మారిపోతుంది, మారాక మాత్రం కళ్ళతో చూడండి, గోదావరి, కోరింగ లాంటి ఊళ్ళ పేర్లకి, మారుటేరు స్టేషన్ నుంచి వచ్చిన స్వర్ణ, అదే ఎంటీయూ 7029, అలాంటి రకాల పేర్లకి పెద్దక్షరాలు పోయాయేమోనని. రొయ్యల మీద రాసేవాళ్ళకి వనామీ శాస్త్రీయ నామం ఇటాలిక్స్‌లో రావాలి కదా, టైటిల్లో ఆ పేరుకి ముందు యాంగిల్ బ్రాకెట్లలో ఇంగ్లీషు చిన్న ఐ అక్షరం, పేరు అయ్యాక యాంగిల్ బ్రాకెట్లలో స్లాష్ పెట్టి మళ్ళీ అదే అక్షరం పెడితే వర్డ్‌లో ఇటాలిక్స్ వస్తుంది. ఒకసారి పెడితే జన్మలో మళ్ళీ దాని జోలికి వెళ్ళక్కర్లేదు.

ఇంపోర్ట్‌లన్నీ అయ్యాక ఎడమ పక్కన డూప్లికేట్ ఐటమ్స్ అని ఉంటుంది, అందులోకి వెళ్ళి ఒకటే రెండుసార్లు వచ్చినవాటిని మెర్జ్ చేయండి. ఒకటి డిలీట్ చేసేస్తే సరిపోతుంది కదా అనుకోవద్దు, ఆ డిలీట్ చేసింది అప్పటికే వర్డ్‌లో సైట్ చేసి ఉంటే దానికీ లైబ్రరీకీ లంకె తెగిపోతుంది, మెర్జ్ చేస్తే తెగదు. డూప్లికేట్లు ఉంటే ఒకే పేపరు 2019ఏ, 2019బీ అని రెండుగా వస్తుంది, ఎగ్జామినర్ కంటికి మొదట కనపడేది ఇదే.

వర్డ్‌లో పని చెప్పాలంటే పెద్దగా ఏం లేదు. జొటెరో ట్యాబ్‌లో యాడ్ సైటేషన్ నొక్కితే మొదటిసారి స్టైల్ అడుగుతుంది, తర్వాత ఒక బార్ వస్తుంది, రచయిత పేరు కొట్టి ఎంచుకుని ఎంటర్. పేజీ నంబరు కావాలంటే ఆ బార్‌లో పేరున్న బుడగ మీద క్లిక్ చేస్తే గడి వస్తుంది, అక్కడే రచయిత పేరు వద్దనే టిక్ కూడా ఉంటుంది, వాక్యంలో పేరు ముందే రాసేసినప్పుడు అది వాడండి. చివర యాడ్ బిబ్లియోగ్రఫీ. స్టైల్ మార్చాలంటే డాక్యుమెంట్ ప్రిఫరెన్సెస్, జర్నల్ వాళ్ళు వాంకూవర్ అడిగినా ఐఈఈఈ అడిగినా ఒక్క క్లిక్కు. లిస్టులో లేని స్టైల్ సెట్టింగ్స్‌లో సైట్ (Cite) అనే చోట నుంచి దింపుకోవచ్చు, పదివేలకి పైనే ఉన్నాయి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను, వర్డ్‌లో ఉన్న లిస్టుని చేత్తో దిద్దకండి. మీరు దిద్దింది తర్వాత రిఫ్రెష్ అయినప్పుడు పోతుంది, తప్పు మళ్ళీ ప్రత్యక్షమవుతుంది. లిస్టులో తప్పు కనపడితే జొటెరోకి వెళ్ళి అక్కడ దిద్ది, వర్డ్‌కి వచ్చి రిఫ్రెష్ నొక్కండి. అలాగే ఆ ఫైలుని ఫోన్‌లోనో డబ్ల్యూపీఎస్‌లోనో తెరిచి సేవ్ చేయకండి, నేరుగా గూగుల్ డాక్స్‌లో కూడా తెరవకండి, సైటేషన్లు ఉత్త అక్షరాలైపోవచ్చు. గూగుల్ డాక్స్‌కో లిబ్రె ఆఫీస్‌కో మారాల్సొస్తే డాక్యుమెంట్ ప్రిఫరెన్సెస్‌లో వేరే వర్డ్ ప్రాసెసర్‌కి మార్చే ఆప్షన్ ఉంది, దాంతో మార్చుకోండి.

చివరికి ఫార్మాటింగ్‌కి, బైండింగ్‌కి డీటీపీ సెంటర్‌కి ఇస్తారు కదా, వాళ్ళ కంప్యూటర్‌లో జొటెరో ఉండదు. ముందు ఫైలుకి ఒక కాపీ తీసి దానికి వేరే పేరు పెట్టండి, ఆ కాపీలో మాత్రమే అన్‌లింక్ సైటేషన్స్ నొక్కండి, అన్నీ మామూలు టెక్స్ట్ అయిపోతాయి, ఇక ఎవరు ఎలా కదిపినా జొటెరో వల్ల మారదు. తెలుగు రిఫరెన్సులు విడిగా, ఇంగ్లీషువి విడిగా వేయమని మీ డిపార్ట్‌మెంట్ అడిగితే ఆ విడగొట్టడం కూడా ఈ కాపీలోనే చేయండి, జొటెరో లిపిని బట్టి తనంతట తను విడగొట్టదు. తెలుగు ఎంట్రీల ఫాంటు కూడా ఇక్కడే చూసుకోండి, వర్డ్ తెలుగుకి వేరే ఫాంటు వేసుకుంటుంది, సైజు తేడాగా కనపడుతుంది. అసలు ఫైలు ముట్టుకోవద్దు, వైవాలో మార్పులు చెప్తే మళ్ళీ దాంట్లోనే దిద్ది, కొత్త కాపీ తీసి, దాన్ని అన్‌లింక్ చేసి ఇవ్వాలి.